కట్టేసిన కాలువలో మునిగిన సైన్యం

రాక్షసులు, మాంత్రికులు, నిప్పులు కక్కుతూ ఎగిరే బల్లులు ఉన్న ఒక ఇంగ్లీషు ఆటను మేము నలుగురం మండపేటలో ఒక రైస్ మిల్లు మేడ మీద కూర్చుని దాదాపు రెండేళ్ళు ఆడాం. ఈ మాట ఇప్పుడు చెబితే మా ఇంట్లోవాళ్ళే నమ్మరు. ముప్ఫైకి దగ్గర పడుతున్న మగవాళ్ళం, మీసాలున్నవాళ్ళం, ఇద్దరికి పెళ్ళిళ్ళు కూడా అయ్యాయి. ఆదివారం మధ్యాహ్నం భోజనాలు ముగించి, చేతులు తుడుచుకుంటూ వచ్చి బల్ల చుట్టూ చేరి, లేని కోటల కోసం లేని సైన్యాలతో కొట్టుకునేవాళ్ళం. 2002, 2003 ఆ ప్రాంతం. ఊళ్ళో మిగతావాళ్ళు ఆ టైముకు హాయిగా నిద్రపోయేవారు. వాళ్ళే తెలివైనవాళ్ళని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఆట తెచ్చింది మిల్లు వారి అబ్బాయి. బెంగళూరు వెళ్ళి ఇంజనీరింగు చదివి, డిగ్రీతో పాటు ఇరవై ముఖాల పాచికలు ఐదు, స్పైరల్ బైండింగు చేయించిన జిరాక్సు రూల్స్ పుస్తకం ఒకటి పట్టుకొచ్చాడు. డిగ్రీతో మిల్లులో ఎవరికీ పని పడలేదు కాబట్టి పాచికలనైనా వాడదామనుకున్నాడు. మనిషి మంచివాడే. అడిగినవన్నీ అడిగిన రోజే దొరుకుతూ పెరిగినవాడి మంచితనం అది. ఏదైనా దొరకనప్పుడు ఎలా ఉంటాడో అప్పటిదాకా మేమెవరం చూడలేదు.

ఆట ఇలా ఉంటుంది. ఆడేవాళ్ళకు తలా ఒక రాజ్యం, తలా ఒక సైన్యం. ఎవరేం చేయాలనుకుంటే అది నోటితో చెబుతారు. ఫలానా కోట మీదికి వెళ్తున్నాను, ఫలానా వంతెన తగలబెడుతున్నాను అని. అది జరిగిందో లేదో పాచిక చెబుతుంది. పాచిక చెప్పలేని సంగతులు ఒక మధ్యవర్తి తేల్చాలి. ఆ మధ్యవర్తిని నేను. ఇంగ్లీషులో ఆ పదవికి దర్జా అయిన పేరేదో ఉంది గాని, పొలం గట్ల తగాదాలు తీర్చేవాళ్ళను పిలిచినట్టు మేము 'పెద్దమనిషి' అనేవాళ్ళం. నన్నే ఎందుకు ఎంచుకున్నారంటే, నేను కంప్యూటర్ సెంటరు నడిపేవాణ్ణి, ఊళ్ళో ఉన్న కొద్దిపాటి ప్రింటర్లలో ఒకటి నాది, పైగా ఇంగ్లీషు పుస్తకాలు డిక్షనరీ లేకుండా చదువుతానని నేనే అందరికీ చెప్పుకుని తిరిగాను. రూల్స్ పుస్తకం తెలుగులోకి దించి, టైపు చేసి, తలా ఒక ప్రతి ఇచ్చాను. ఆ రోజు నుంచి నా కళ్ళు నెత్తికెక్కాయి.

మ్యాపు గీసింది కూడా నేనే. పుస్తకంలో మంచు కొండలు, చీకటి అడవులు ఉన్నాయి. నేను పుట్టి బుద్ధెరిగాక ఎక్కిన కొండ అన్నవరం కొండ ఒక్కటే, దానికి కూడా మెట్లున్నాయి. అందుకని నాకు తెలిసిన నేలే గీశాను. ఒక పెద్ద కాలువ, అందులోంచి చీలే పిల్ల కాలువలు, వాటి నుంచి బోదెలు, మధ్యలో మురుగు కాలువ, అక్కడక్కడా లాకులు, గట్ల మీద కొబ్బరి చెట్లు. ఎగిరే బల్లి గుహను లాకుల పక్కన పెట్టాను. కాగితం మీద ఖాళీ అక్కడే మిగిలింది మరి. ఆ మ్యాపులో ఏ దిక్కుకు నాలుగు గళ్ళు నడిచినా కాలువ అడ్డం వస్తుంది. ఇందులో ఇబ్బంది ఉండవచ్చని మా నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు. రాక్షసుణ్ణయితే ఊహించుకోగలం గాని, కాలువ లేని ఊరిని ఊహించుకోవడం మావల్ల కాదు.

మా యుద్ధాలు ఎవరైనా చూసి ఉంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు.

"మీ కోట మీద దాడి చేస్తున్నానండి."

"చేయండి, దానికేముంది."

"మీ మాంత్రికుణ్ణి చంపేశానండి. ఏమీ అనుకోకండేం."

"అయ్యో, ఆటే కదండీ. కాఫీ తెప్పించమంటారా?"

ఇంత మర్యాదగా పొడుచుకునేవాళ్ళం కాబట్టే ఏడాదిన్నర దాటినా ఏ సైన్యానికీ వెనక్కు తగ్గాల్సిన అవసరం రాలేదు. ఓడిపోతున్నవారు రాయబారం పంపేవారు, గెలుస్తున్నవారు మొహమాటానికి ఒప్పుకునేవారు. రూల్స్ పుస్తకంలో వెనక్కు తగ్గే సైన్యాల గురించి ఒక అధ్యాయం ఉందన్న సంగతే అందరం మరిచిపోయాం.

మిగిలిన ఇద్దరిలో ఒకరు మండలాఫీసు గుమాస్తా గారు. ఎవరితో ఎవరికి మాట తేడా వచ్చినా "ఆయ్, ఇద్దరి మాటా నిజమేనండి" అనేవారు. ఆఫీసులో కూడా ఆ ఒక్క వాక్యంతోనే నెట్టుకొస్తున్నారని చెప్పుకునేవాళ్ళం. ఆయనకు రాజ్యం ఉంది, సైన్యం ఉంది, ఆ సైన్యం ఏనాడూ కోట గుమ్మం దాటలేదు. వారం వారం వచ్చి ఫ్యాను కింద కూర్చుని, మా యుద్ధాలు చూసి, టిఫిను చేసి వెళ్ళేవారు.

రెండోవారు లెక్కల మాస్టారు. ఒక ప్రైవేటు స్కూల్లో పనిచేసేవారు. ఆదివారం లూథరన్ చర్చిలో ఆరాధన ముగిశాక ఇంటికి వెళ్ళి అన్నం తిని, అదే తెల్ల చొక్కాతో మా దగ్గరికి వచ్చేవారు. స్కూల్లో ఆయన సంగతి ఊరందరికీ తెలుసు. కరస్పాండెంటు పిల్లల ముందే "మీరుండండి మాస్టారూ" అని ఆయన నోరు మూయించేవాడు. స్టాఫ్ రూములో ఆయన కూర్చునే కుర్చీ కూడా ఆయనది కాదు, ఇంకెవరైనా వస్తే లేవాలి. మా బల్ల దగ్గర మాత్రం ఆయన "నా వంతండి" అంటే మిల్లు వారి అబ్బాయి కూడా చేతిలో పాచిక కింద పెట్టి ఆగేవాడు. ఆ మూడు నాలుగు గంటలు ఆయన నిజంగా రాజే. మిగతా ఆరు రోజులు ఎలా గడుస్తున్నాయని నేను ఎన్నడూ అడగలేదు.

ఆయన సైన్యం నలభై రెండు మంది. మాకు సైన్యమంటే కాగితం మూల మీద పెన్సిలుతో వేసిన అంకె. ఆయన మాత్రం స్కూలు నుంచి పాత హాజరుపట్టీ ఒకటి తెచ్చి, నలభై రెండు మందికీ రోల్ నంబర్లు వేశారు. ఆదివారం రాగానే ముందు హాజరు తీసుకునేవారు. ఎవడు విలుకాడు, ఎవడికి ఈత రాదు, ఎవడికి కిందటి యుద్ధంలో ఎడమ చెయ్యి పోయింది, అన్నీ రిమార్కుల గడిలో ఉండేవి. అన్ని నెలల్లో ఒక్కణ్ణి కూడా చావనివ్వలేదు. "మా క్లాసులో ఆబ్సెంట్లు ఉండవండి" అనేవారు. నవ్వుతూనే అనేవారు గాని, నవ్వించడానికి అన్న మాట కాదది. ఆయన మెట్లు దిగాక మేము నవ్వుకునేవాళ్ళం. అందరికన్నా నేనే ఎక్కువ నవ్వేవాణ్ణి.

ఇక కాలువల సంగతి. డెల్టాలో పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ళకు చెబుతాను. దాళ్వా, అంటే రెండో పంట, చేతికొచ్చాక ఏప్రిల్‌లో బ్యారేజీ దగ్గర నీళ్ళు ఆపేస్తారు. దాన్ని కాలువలు కట్టేయడం అంటాం. మళ్ళీ జూన్‌లో వదిలేదాకా కాలువల్లో మరమ్మతులు, పూడిక తీతలు, క్రికెట్టు. కట్టేసేలోపు ప్రతి ఊరూ మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి, లేకపోతే వేసవంతా తిప్పలే. నా బుర్రకు తోచిన గొప్ప ఆలోచన ఏమిటంటే, ఆటలో కూడా వేసవి వచ్చింది కాబట్టి ఈ ఏర్పాటు అక్కడా అమలు చేయాలని. ఒక ఆదివారం గొంతు సవరించుకుని ప్రకటించాను.

"రాజులందరికీ మనవి. వచ్చే వారం నుంచి కాలవలు కట్టేస్తున్నారు. చెరువులు నింపుకోనివారి సైన్యానికి తాగునీళ్ళుండవు."

ఎగిరే బల్లులున్న లోకంలోకి ఇరిగేషన్ వాళ్ళు ఎలా వచ్చారని ఎవరూ అడగలేదు. చాలా సహజంగా ఉందని గుమాస్తా గారు మెచ్చుకున్నారు. మాస్టారు అప్పటికప్పుడు చెరువు నింపి, పట్టీలో రాసుకున్నారు. మిల్లు వారి అబ్బాయి "తర్వాత చూద్దాంలెండి" అన్నాడు. మూడు వారాలు తిరిగేసరికి అతని సైన్యం నాలుక పిడచకట్టుకుపోయి, నీళ్ళ కోసం మాస్టారి చెరువు మీద పడింది. మా ఆటలో మొహమాటం లేకుండా జరిగిన మొదటి యుద్ధం అదే.

మాస్టారి వాళ్ళు బాగానే నిలబడ్డారు. ఇంకో రెండు విడతలు ఆగితే అవతలివాళ్ళే దాహంతో తిరిగి వెళ్ళిపోవాలని ఆయన లెక్క, ఆ లెక్క సరైనదే. కాని ప్రతి విడత చివరా సైన్యం గుండెధైర్యానికి ఒక పాచిక వేయాలి. మాస్టారు పాచికను అరచేతిలో కాసేపు ఉంచుకుని వేశారు. ఇరవైలో రెండు పడింది. అంటే ఆయన సైన్యం బెదిరిపోయింది, వెనక్కు తగ్గాలి.

"సరేనండి, తగ్గుతున్నాం" అంటూ మాస్టారు తన సైన్యం గుర్తును మ్యాపు మీద వెనక్కు జరిపి, కాలువ దాటించి, అవతలి గట్టు మీద పెట్టబోయారు.

"ఆగండాగండి" అన్నాడు మిల్లు వారి అబ్బాయి. "ఎనకాల కాలవుందండి."

అప్పుడు తీశాం ఆ అధ్యాయం. వెనక్కు తగ్గే సైన్యం నీటిని దాటలేదనీ, వేరే దారి లేకపోతే ఆ సైన్యం మొత్తం నశించినట్టేననీ ఉంది. దాని కిందే 'ఈ క్రింది సందర్భాలలో తప్ప' అని ఉంది. ఆ క్రింది సందర్భాలు ఉన్న పేజీ లేదు. జిరాక్సు తీసినవాడు ముందు పేజీనే రెండుసార్లు తీసి, దాన్ని వదిలేశాడు. తెలుగులోకి దించేటప్పుడు నేను ఆ సంగతి గమనించి కూడా, ఇది ఎవరికి పనికొస్తుందిలే అని ఊరుకున్నాను.

"కాలవలు కట్టేశారు కదండీ" అన్నారు మాస్టారు. "పెద్దమనిషి గారే చెప్పారు, చెరువు కూడా నింపించారు. కాలవలో నీళ్ళు లేవండి. నడిచెళ్ళిపోతాం."

"మ్యాపులో నీలం రంగుందా లేదా చెప్పండి. నీలమంటే నీరేగా. నీళ్ళ మీద నడుస్తారేంటండి మీవాళ్ళు?"

"నీళ్ళుంటే మీరు మా చెరువు మీదికి ఎందుకొచ్చారండి?"

మిల్లు వారి అబ్బాయికి మొహం ఎర్రబడింది. ఏదైనా దొరకనప్పుడు ఎలా ఉంటాడో అప్పుడు చూశాం. గుమాస్తా గారు ఇద్దరి మాటా నిజమేనన్నారు. ముగ్గురూ నా వైపు తిరిగారు. అక్కడికక్కడే ఒక్క మాటలో తేలిపోయే విషయమది. కాలువలు కట్టేశామని చెప్పింది నేనే.

"దీని మీద క్లారిఫికేషన్ ఇవ్వాలండి" అన్నాను. "వచ్చే ఆదివారం రాతపూర్వకంగా ఇస్తాను."

ఆ వారం మిల్లు వారి అబ్బాయి నన్నేమీ అడగలేదు. సోమవారం సెంటరు ముందు స్కూటరు ఆపి, "గదిలో కూలరు పెట్టిస్తున్నానండి, ఆదివారానికి చల్లగా ఉంటది" అని చెప్పి వెళ్ళిపోయాడు. అంతే. ఆ గది గొప్పతనం కాస్త చెప్పాలి. మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే ఊరంతా విసనకర్రలు పట్టుకునేది, ఆ గదిలో మాత్రం మిల్లు జనరేటరు మీద ఫ్యాను తిరిగేది. నాలుగింటికి వాళ్ళమ్మగారు కింద నుంచి పెసరట్టు ఉప్మా పంపేవారు, అల్లం పచ్చడితో. ఆవిడ అల్లం పచ్చడి తిన్నవాడెవడూ ఆవిడ కొడుక్కి వ్యతిరేకంగా తీర్పు చెప్పలేడు. మాస్టారికి ఉన్నది ఒక గది, ఒక వంటిల్లు, నలుగురు మనుషులు. నా సెంటరులో ఆడదామంటే ఉక్కకే చస్తాం. ఆ గది పోతే ఆట పోతుంది, ఆట పోతే నన్ను పెద్దమనిషి గారూ అని పిలిచేవాడు ఊళ్ళో ఇంకొకడుండడు. ఇదంతా అప్పుడు ఇంత విడమరిచి అనుకోలేదు. అనుకోకుండానే అటు ఒరిగాను.

మాస్టారు బుధవారం సెంటరుకు వచ్చారు. రెండు ఠావుల కాగితం చేతికిచ్చారు. గుండ్రటి చేతిరాత, ఒక్క కొట్టివేత లేదు. కాలువ ఎంత లోతు, నీళ్ళు ఆపి ఎన్నాళ్ళయింది, అడుగు ఆరడానికి ఎన్ని రోజులు పడుతుంది, నలభై రెండు మంది వరసగా దాటడానికి ఎంతసేపు పడుతుంది, అన్నీ వేసి ఉన్నాయి. స్టూలు చూపించినా కూర్చోలేదు.

"ఈత రానివాడికి కూడా ఇబ్బంది లేదండి" అన్నారు.

"చూస్తానండి మాస్టారూ."

"మీరెలా చెబితే అలాగేనండి. కాకపోతే ఒక్కసారి మన కాలవ చూసి చెప్పండి. అంతకన్నా నేను అడిగేదేం లేదు."

నేను వెళ్ళాను. గురువారం సాయంత్రం, ఎండ తగ్గాక, మోపెడ్ వేసుకుని మా ఊరి కాలువ గట్టు మీదికి వెళ్ళాను. కాలువ అడుగంతా ఎండిపోయి నెరియలు విచ్చి ఉంది. ఒక పక్క గేదెలు, ఇంకో పక్క క్రికెట్టు. గట్టు దిగి నడవడం మొదలుపెట్టాను. మధ్యలో ఒకచోట బురద కనిపిస్తే దాన్ని చుట్టి వెళ్ళాను. బౌలింగు వేస్తున్న కుర్రాడు "పక్కకు జరగండంకుల్" అన్నాడు, జరిగాను. అవతలి గట్టెక్కి, అక్కడ పాకలో టీ తాగాను. మళ్ళీ కాలువలో దిగి ఇవతలికి నడిచి వచ్చాను. చెప్పులు కూడా తడవలేదు. అక్కడి నుంచి నేరుగా సెంటరుకు వెళ్ళి, కంప్యూటరు ముందు కూర్చుని, కాలువ దాటడం ఏ సైన్యానికీ సాధ్యం కాదని టైపు చేశాను.

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. పైన లావు అక్షరాలతో 'వెనుకకు తగ్గు సైన్యములను గూర్చిన వివరణ' అని పెట్టాను. మామూలుగా మాట్లాడేవాణ్ణి, అన్యాయం చేయాల్సి వచ్చేసరికి నాకు గ్రాంథికం పట్టుకుంది. మొత్తం ఏడు అంశాలు. మొదటి మూడూ దేనికీ సంబంధం లేనివి, బరువు కోసం వేసినవి. నాలుగోది అసలుది: 'పటమున నీలవర్ణముతో చూపబడిన ప్రదేశమెల్లను, అందు నీరు ఉన్నను లేకున్నను, నీరుగనే పరిగణింపబడును.' ఐదోది ఇంకా గొప్పది: 'కాలువలు కట్టివేయుట యనునది త్రాగునీటికి సంబంధించిన విషయమే గాని యుద్ధమునకు సంబంధించినది కాదు.' ఈ ఐదో అంశం రాసినందుకు ఆ రాత్రంతా నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆదివారం కూలరు హోరుమంటోంది. దాని మోత మీదుగా వినపడాలని గట్టిగా చదివాను. ఏడు అంశాలూ అయ్యేదాకా మాస్టారు తల వంచుకుని విన్నారు. తర్వాత, నేను ముందే పంచిన ప్రతిలో వేలు పెట్టి అడిగారు.

"నాలుగో అంశమండి. నీరు లేని కాలవలో మనిషెలా మునుగుతాడండి?"

"రూలు ప్రకారం మునుగుతాడండి" అన్నాను.

మిల్లు వారి అబ్బాయి పకపకా నవ్వాడు. గుమాస్తా గారు నవ్వు ఆపుకోలేక దగ్గారు. నా మాట పేలినందుకు, సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు సంతోషమైంది.

"కాలవ చూశారాండీ?" అన్నారు మాస్టారు.

"లేదండి. రూలు స్పష్టంగా ఉంటే చూడ్డమెందుకు?"

ఆయన హాజరుపట్టీ తెరిచి, జేబులోంచి ఎర్ర సిరా పెన్ను తీశారు. మొదటి రోల్ నంబరు ఎదురుగా చిన్న గీత పెట్టారు. తర్వాత రెండోది. గీత పెట్టే ముందు ప్రతిసారీ పక్కనున్న రిమార్కు చదువుకుంటున్నారు. పెదవులు కదలడం కనిపిస్తోంది.

"నిలువునా ఒక్క గీత కొట్టేస్తే సరిపోద్ది కదండీ మాస్టారూ" అన్నాడు మిల్లు వారి అబ్బాయి.

"ఒక్కొక్కళ్ళనీ పిలిచి వేసుకున్న హాజరండి ఇది. అలా కొట్టేయకూడదు."

పదో పన్నెండో అయ్యేసరికి కింద నుంచి ప్లేట్లు వచ్చాయి. కాసేపు ఆగాం. చల్లారితే బాగుండవని మేము ముగ్గురం మొదలుపెట్టాం. మేము తింటున్నంతసేపూ ఆయన గీతలు పెడుతూనే ఉన్నారు. నలభై రెండూ అయ్యాక పెన్నుకు మూత పెట్టి, పట్టీ చంకలో పెట్టుకుని లేచారు. ఆయన ప్లేటు ముట్టుకోలేదు. ముగ్గురికీ విడివిడిగా "వస్తానండి" అని చెప్పారు. కింద వాకిట్లో మిల్లు అమ్మగారికి కూడా చెప్పి వెళ్ళడం మాకు వినపడింది. ఆ తర్వాత ఆయన మళ్ళీ ఆ మెట్లెక్కలేదు.

"మాస్టారు మరీ సీరియస్‌గా తీసుకున్నారండి. ఆటని ఆటలా చూడాలి" అన్నాడు మిల్లు వారి అబ్బాయి తర్వాతి ఆదివారం. గుమాస్తా గారు ఆయ్ అన్నారు. నేనూ తలాడించాను. అంతేకాదు, ఓటమి తట్టుకోలేనివాళ్ళు ఇలాంటి ఆటలకు రాకూడదని ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను.

ఇద్దరే మిగిలారు కాబట్టి ఆట సాగాలంటే గుమాస్తా గారు కోట దాటక తప్పలేదు. జూన్ మొదట్లో ఒక ఆదివారం ఆయన సైన్యం, పాపం, ఎందుకో ఏమిటో తెలియకుండానే బయటికొచ్చి మిల్లు సైన్యానికి ఎదురుపడింది. అన్నాళ్ళు కూర్చుని తిన్న సైన్యం కదా, దెబ్బ తగలని సైన్యం, బాగా బలంగా ఉంది. మిల్లు వారి అబ్బాయి గుండెధైర్యానికి పాచిక వేశాడు. ఒకటి పడింది. వెనక్కు తగ్గాలి. వెనక ఏముంటుంది? కాలువే ఉంది.

నేను బల్ల మీదున్న నా వివరణ కాగితం వైపు చూశాను. అతను మాత్రం చాలా మామూలుగా తన గుర్తును కాలువ దాటించి అవతలి గట్టు మీద పెట్టాడు.

"అదేంటండి, నీలం..." అన్నారు గుమాస్తా గారు, చాలా మెల్లగా.

"కాలవలు కట్టేసున్నాయి కదండీ. ఆటలో ఇంకా వదల్లేదుగా. నీళ్ళెక్కడున్నాయి మునగడానికి?"

అతని మొహంలో దొంగతనం లేదు. ఎత్తుగడ లేదు. మూడు వారాల కిందటి గొడవ అతనికి నిజంగానే గుర్తులేదు. నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండింది అక్కడే. తెలిసి మోసం చేస్తే కనీసం వాదించవచ్చు. ఆ మాటా నిజమేనండి అన్నారు గుమాస్తా గారు. ఇద్దరూ నా వైపు చూశారు. నేను జేబులోంచి పెన్ను తీసి, నాలుగో అంశంలో 'లేకున్నను' అన్న మాట కొట్టేశాను. ఐదో అంశం మొత్తం కొట్టేశాను. మిల్లు సైన్యం క్షేమంగా గట్టెక్కింది.

ఆ వారమంతా నాకు మనసు మనసులో లేదు. నా మీద నాకు కోపం వచ్చిందని చెప్పుకుంటే బాగుంటుంది గాని, నిజానికి నేను ఆలోచించింది దీన్ని ఎలా సర్దాలా అని. గుమాస్తా గారే దారి చూపించారు.

"సవరణ అని కొత్త కాగితం కొట్టండి. కింద 'వెనకటి తేదీ నుంచి వర్తించును' అని ఒక ముక్క వేయండి. మా ఆఫీసులో అలాగే చేస్తామండి. ఎవరికీ నొప్పుండదు."

అద్భుతమైన ఆలోచనలా తోచింది. వెనకటి తేదీ నుంచి వర్తిస్తే మాస్టారి సైన్యం చావనే లేదు. కొత్త కాగితం టైపు చేసి, మంచి కాగితం మీద ప్రింటు తీసి, స్కూళ్ళు తెరిచిన వారంలో ఒకరోజు మాస్టారి స్కూలుకు బయలుదేరాను. దారి పొడవునా ఆయన మొహం ఎలా వెలిగిపోతుందో, ఆదివారం ఆయన మెట్లెక్కి వస్తుంటే నేనేం అనాలో ఊహించుకుంటూ వెళ్ళాను. దానం చేయడానికి వెళ్తున్నవాడిలా ఉంది నా నడక.

ఆయన స్టాఫ్ రూము బయట వరండాలో నిలబడి ఉన్నారు. లోపల కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. నన్ను చూడగానే నవ్వి నమస్కారం పెట్టారు. ఏ కల్మషమూ లేదు. కాగితం ఇచ్చాను. పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు పై నుంచి కింది దాకా ఒకసారి, మళ్ళీ పై నుంచి ఒకసారి చదివారు.

"మీవాళ్ళు నలభై రెండు మందీ బతికే ఉన్నారండి మాస్టారూ" అన్నాను ఉత్సాహంగా. "కాలవ దాటేశారు. ఆదివారం వచ్చేయండి, మామూలుగా మొదలుపెడదాం."

ఆయన కాగితం మీంచి తలెత్తారు.

"ఈసారి వెనక్కు తగ్గింది ఎవరి సైన్యమండీ?"

ఏదో రూలును సమగ్రంగా పరిశీలించామని, అందరి అభిప్రాయమూ తీసుకున్నామని మొదలుపెట్టాను. ఆయన అడ్డుపడలేదు. జవాబు రాని పిల్లాడి దగ్గర ఆగినట్టు, విసుగు లేకుండా, నేను చెప్పేదాకా ఆగారు.

"అబ్బాయి గారిదండి" అన్నాను చివరికి.

"ఆయ్" అన్నారు ఆయన.

కాగితాన్ని మడతల ప్రకారమే మళ్ళీ మడిచి, రెండు చేతులతో నాకు తిరిగిచ్చారు. బెల్లు కొట్టారు. "క్లాసుందండి, ఏమీ అనుకోకండి" అని చెప్పి వెళ్ళిపోయారు. ఆ వరండాలో నాకు వచ్చినంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ రాలేదు. ఇకమీదట ఆ గది గుమ్మం తొక్కకూడదని అక్కడే అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు కరెంటు పోయింది. నేను మిల్లుకు వెళ్ళాను.